డజనుకు పదహారు గాజులు

పోయిన వారం మా అపార్టుమెంటులో పై అంతస్తు అమ్మాయికి సీమంతం. ఆకుపచ్చ గాజులు తక్కువ పడ్డాయనగానే "కొనకండి, నా దగ్గరున్నాయి" అని ముందుగా చెయ్యెత్తింది నేనే. వైట్‌ఫీల్డులో గాజులకు చెప్పే ధర వింటే గాజులకంటే ముందు నా గుండె పగులుతుంది. బీరువా అడుగున, పాత చీరల కింద, దారంతో కట్టిన కట్ట ఒకటి మిగిలి ఉంది. తీసుకెళ్ళి ఇచ్చాను. ఆ అమ్మాయి దారం విప్పి రెండు చేతులకూ పంచుకుంటూ ఆగిపోయింది. "ఆంటీ, డజన్ అన్నారు కదా, సిక్స్‌టీన్ ఉన్నాయిందులో." పక్కనున్నావిడ నవ్వి, "షాపువాళ్ళు లెక్క తప్పుంటారు, మీకు లాభమేలెండి" అంది. నేనూ నవ్వాను. బెంగళూరు బళేపేటలో నలభై ఏళ్ళు గాజులమ్మిన మనిషి లెక్క తప్పదు. ఆ నాలుగూ నేను అడిగి కట్టించుకున్నవి.

ఆ మనిషి మా మేనత్త. మా అమ్మానాన్నలు చీరల మూటలతో సంతలు తిరిగేవాళ్ళు కనుక నేను పెరిగింది అత్త అంగట్లోనే. ఇద్దరు కూర్చుంటే మూడో మనిషి నిలబడాల్సినంత అంగడి. మూడు గోడలకూ గాజులు, మధ్యలో ఒక స్టూలు. దాని మీద కూర్చున్న ఆడమనిషి చేతిని అత్త తన ఒళ్ళోకి లాక్కుని, కణుపులు పిసికి, ఆమె ఇంటి సంగతులు అడుగుతూ అడుగుతూనే గాజులు ఎక్కించేసేది. నా అక్షరాభ్యాసం బడిలో జరిగిందేమో గానీ, బేరం మాత్రం ఆ స్టూలు పక్కనే వచ్చింది. ధర వినగానే మొహం వాడిపోవాలి. లేచి నాలుగడుగులు వెయ్యాలి. వెనక్కి పిలుస్తారు. అంతా తెగాక కూడా కొసరు అడగాలి. కొసరు లేకుండా ఇంటికొస్తే నాకు ఆ రోజు అన్నం సయించేది కాదు. 'ఒకటే ధర' అని బోర్డు పెట్టిన అంగడిలో ఆ బోర్డు మీదే చెయ్యేసి బేరమాడిన దాన్ని. ఆ గొప్ప నాకు చాలాకాలం ఉండేది.

అలాంటి నాకు నలభై దాటాక పరీక్ష వచ్చిపడింది. మా ఆఫీసులో అమెరికా కంపెనీల లెక్కలు చూస్తాం. ఆ దేశపు అకౌంటెంటు లైసెన్సు ఉన్నవాళ్ళే పైకి పోతారు. నేను పని నేర్పిన పిల్లలు ఒక్కొక్కరే లైసెన్సు తెచ్చుకుని నాకు పై అధికారులయ్యారు. నాలుగు పేపర్లు. మూడు ఎలాగో దాటాను. నాలుగోది రెండుసార్లు తప్పాను. గడువులోగా అది కాకపోతే మొదట పాసయిన పేపరు చెల్లకుండా పోతుంది. ఆ వెనకే మిగతావీ ఒక్కొక్కటే పోతాయి. ఇంకొక్క ప్రయత్నానికే సమయం ఉంది.

నాకు రానిది లెక్క కాదు, వదలడం. ఒక ప్రశ్నకు నాలుగు జవాబులిస్తారు, ఒకటి ఎంచుకోవాలి. ప్రశ్నకు నిమిషంబావు దాటకూడదని అందరూ చెప్పే మాట. నాలుగింట్లో రెండిటిని తోసెయ్యడం నాకు చిటికెలో పని. మిగిలిన రెండిటి మధ్య నేను స్టూలేసుకుని కూర్చునేదాన్ని. తెలియకపోతే వదిలి ముందుకు పోవాలంటారు. నాకేమో వదలడమంటే గిరాకీని ఎదురంగడికి పంపించినట్టు ఉండేది. పోనీ నాలుగడుగులు వేద్దామంటే, ప్రశ్న వెనక్కి పిలవదు కదా.

ఫోనులో గడియారం తిరుగుతుంటే ప్రశ్న వదిలి దాన్నే చూసేదాన్ని. అందుకని శనివారాలు మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో దిగి, అత్త దగ్గరికి పోవడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం గిరాకీ ఉండదు. ఆవిడ విడి గాజులను డజన్లుగా దారంతో కట్టుకునే వేళ అది. ఒక కట్టకు ఎంతసేపు పడుతుందో చూశాను. నిమిషంబావు. అటు ఒక క్షణం లేదు, ఇటు ఒక క్షణం లేదు. ఒక కట్ట, ఒక ప్రశ్న. కట్ట ముడి పడగానే అత్త "ఆయ్తు!" అని, అయిపోయిందని కన్నడంలో కేకేసేది. నేను జవాబు నొక్కి ముందుకు పోవాలి. అదీ ఒప్పందం.

ఆ ఒప్పందం మొదటి శనివారమే చెడింది. "అత్తా, ఇంకొక్క నాలుగు గాజులు" అన్నాను.

"ఏమే పాపా, పరీక్షలో కూడా కొసరా? నీతో బేరమంటే నాకెప్పుడూ నష్టమేనప్పా" అంటూనే ముడి విప్పి, ఇంకో నాలుగు ఎక్కించింది. ఆ నాలుగు గాజుల వ్యవధిలో నాకు జవాబు దొరికింది. ఇంకేం కావాలి? ఆ తర్వాత ప్రతి ప్రశ్నకూ అడిగాను, ప్రతిసారీ ఇచ్చింది. అత్తిబెలె ఊరి నుంచి సరుకుకొచ్చే ఒకావిడ నెల తిరక్కుండానే మళ్ళీ వచ్చి, "అక్కా, పోయినసారి ఇచ్చినట్ల డజన్లే ఇయ్యి, వేరేవి వద్దు" అంది. ఆ డజన్లలో పదహారేసి ఉన్నాయి మరి, నేనూ అత్తా పొట్ట పట్టుకుని నవ్వాం. నా మార్కులు పెరుగుతుండాయని అత్త పక్కంగడి వాళ్ళకు కూడా చెప్పుకుంది. అంగట్లో నేను చేసేది ఈ ప్రశ్నలే. పరీక్ష చివర వచ్చే పెద్ద లెక్కలు ఇంట్లో, వేరే రోజు, తీరిగ్గా చేసేదాన్ని. కాబట్టి ఆ కొసరు ఎక్కడినుంచి వస్తోందో కనబడలేదు.

పరీక్ష గదిలో "ఆయ్తు" అనేవాళ్ళు లేరు. ప్రశ్నకింత అని ఎవరూ ఆపరు. నాలుగు గంటలు మొత్తంగా చేతిలో పెట్టి, నీ ఇష్టం అంటారు. నా ఇష్టం నాకు తెలిసిందే. ప్రతి ప్రశ్న దగ్గరా కొసరు తీసుకున్నాను, అడగాల్సిన పని కూడా లేకుండా. ప్రశ్నలన్నీ బాగా చేశానని తృప్తిగా పెద్ద లెక్కలకు వచ్చి మూలనున్న గడియారం చూస్తే సమయం దాదాపు అయిపోయింది. చివరి రెండు లెక్కలు చదవనైనా చదవలేదు. తెర దానంతటదే తెల్లబడింది.

కొద్దిలో తప్పాను. గడువు పొడిగించమని పరీక్షవాళ్ళకు ఉత్తరం రాశాను, అడగలేదనుకునేరు. బతిమాలాను, కారణాలు చెప్పాను, ఒక్క నెల చాలన్నాను. రెండు వాక్యాల జవాబొచ్చింది, కుదరదని. నేను నాలుగడుగులు వేశాను. ఎవరూ పిలవలేదు.

ఆ శనివారం అంగడికి పోయి అనకూడని మాట అన్నాను. "ఒక్కరోజు కుదరదని ఉంటే నేర్చుకునేదాన్ని. అడిగినప్పుడల్లా ఇచ్చి చెడగొట్టింది నువ్వేనత్తా."

అత్త చేతిలో కట్టకు ముడి వేస్తూ, "అడిగితివి కదే పాపా. నీకు లేదని చెప్పేకి నాకు చేతగాల్యా" అంది. దారం పళ్ళతో తెంపి, కట్ట పక్కన పెట్టి, "ఇంగ పన్నెండే కడతాలే" అంది.

అన్నట్టే కట్టింది. అత్తిబెలె ఆవిడ వచ్చి గొణుక్కుని ఇంకో అంగడి చూసుకుంది. నా మాట వెనక్కి తీసుకుందామని రెండు మూడుసార్లు స్టూలు మీద కూర్చున్నాను గానీ, ఆవిడ ఏమీ జరగనట్టు కాఫీ తెప్పించేది, మాట నోట్లోనే చల్లారిపోయేది. నిరుడు అంగడి వదిలేసింది. వేళ్ళు బిగుసుకుపోయాయి. కూతురింట్లో ఉంటోంది, తన జాకెట్టు హుక్కులు కూడా పెట్టుకోలేదు.

సీమంతం మర్నాడు చూడబోయి, పదహారు గాజుల కట్ట దొరికిందని చెప్పాను. "అట్లనా? నీదేలే అది" అని, ఒళ్ళో వేళ్ళను కదిలించబోయి మానుకుంది. "ఇంగొక తూరి రాయకూడదా, పాపా? గడువు కొంచెం అడిగి చూడు."

అడిగానని చెప్పలేదు. పరీక్షలో నేను తీసుకున్న కొసరు నా సంచిలోంచే పోయింది. అది నాకు ఆ గదిలోనే తెలిసింది. అంగట్లో తీసుకున్నది ఎవరి వేళ్ళలోంచి పోయిందో తెలిసేసరికి, ఆ వేళ్ళు ఇలా ఉన్నాయి. తిరిగివ్వడానికి కాస్త వ్యవధి కావాలని కాలాన్ని కూడా అడిగి చూశాను. అది సరిగ్గా పన్నెండు దగ్గర దారం తెంపేస్తుంది.