లీల నడిచిన పాత కనుమ

ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి తెల్లవారుజామునే బస్సు ఉంటుంది. మాఘమాసం కాబట్టి చలి ఇంకా వదల్లేదు. మా ఇంటామె పార్వతి రొట్టెలు, చెనిక్కాయల పొడి మూటకట్టి నా చేతికిచ్చి గడపలోనే నిలబడింది. “నువ్వూ రారాదా?” అని ఆఖరిసారి అడిగాను. “నాకు కాళ్ళాడవు. నువ్వు పోయి రా” అనింది.

నేను పోతున్నది కడపకు. అక్కడ ఊరి అంచున, ఇళ్ళు అయిపోయిన చోటే పాలకొండల అడవి మొదలవుతుంది. ఘాటు రోడ్డు లేని కాలంలో ఎద్దుల మీద ఉప్పు, బెల్లం, బట్టలు వేసుకొని జనం కొండ దాటిన కాలిబాట ఒకటి ఆ అడవిలో ఉంది. పాత కనుమ అంటారు. మా ఒక్కగానొక్క కూతురు శివలీల కడపలో డిగ్రీ చదివేటప్పుడు ఆదివారాల్లో తోటి పిల్లలతో కలిసి ఆ దారిన నడిచేది. కొండ మీద నుంచి నాకు ఫోను చేసేది. “నాయనా, కొండ నెత్తిన ఉండా. కడప అంతా అగ్గిపెట్టెల మాదిరి కనపడతాంది. నిన్నూ ఒకసారి పిలుచుకొస్తా” అనేది. నేను మగ్గం ఆపి, ఆమె మాట వెనక వినపడే గాలి హోరు కూడా వినేవాణ్ణి.

పోయిన శ్రావణంలో లీల చనిపోయింది. హాస్టల్ మెట్ల మీద పడిపోయిందని ఫోను వస్తే పరుగెత్తాం. మేం ఆస్పత్రి చేరేసరికి ప్రాణం ఉండింది. సాయంత్రానికి లేదు. పుట్టుకతోనే గుండెలో లోపం ఉందని డాక్టరు చెప్పాడు. “ఇంతకు ముందు ఆయాసం వచ్చేదా?” అని అడిగాడు. “లేదు సార్. మా పాప ఆదివారం ఆదివారం కొండెక్కేది” అన్నాను. ఆయన తల ఊపాడు.

ఆ కొండను ఒక్కసారి చూడాలని అప్పటి నుంచీ ఉంది. పని పెట్టుకొని వాయిదా వేశాను. చివరకు మగ్గం మీది చీర కోసి ఇచ్చిన మర్నాడు బయలుదేరాను.

ఆదోనిలో చెన్నై వైపు పోయే ఎక్స్‌ప్రెస్ దొరికింది. జనరల్ పెట్టెలో గుంతకల్లు దాకా నిలబడే ప్రయాణం. అక్కడ కొందరు దిగితే కిటికీ పక్కన చోటు దొరికింది. ఎదురుగా రాజంపేట పోయే ముసలాయన ఒకడు కూర్చున్నాడు. మనవరాలి పెండ్లిమాటలకు పోతున్నాడట. తాడిపత్రి దాటాక నేను రొట్టె విప్పి ఆయనకూ ఒకటి పెట్టాను.

“నీకెంతమంది పిల్లలప్పా?” అన్నాడు తింటూ.

“ఒక పాప.”

“ఏం చేస్తాంది?”

“కడపలో చదువుతాంది” అన్నాను. ఎందుకట్లా అన్నానో తెలీదు. నోరు అలవాటుగా అనేసింది.

“అట్లనా! పాపను చూసేకి పోతాండావన్నమాట. మంచిది, మంచిది” అని ఆయన సంతోషపడ్డాడు. ఎర్రగుంట్ల దగ్గర ఒక సంచీలోంచి రెండు జామకాయలు తీసి, “పాపకియ్యి” అని నా చేతిలో పెట్టాడు. కాదనలేకపోయాను.

కడపలో దిగేటప్పటికి మధ్యాహ్నం దాటింది. బస్టాండు దగ్గర లాడ్జిలో గది తీసుకున్నాను. గది చిన్నది, నీళ్ళు ఉప్పన, దుప్పటి మాత్రం శుభ్రంగా ఉంది. ఒక్కడే వచ్చినవాడికి అది చాలు. సాయంత్రం రుక్సానా వచ్చి కలిసింది. వేంపల్లె పిల్ల, లీలతో ఒకే గదిలో ఉండేది. ఆమే ఫారెస్టు వాళ్ళను అడిగి నా నడకకు ఏర్పాటు చేసింది. జామకాయలు ఆమెకిచ్చాను. ఎవరిచ్చారని ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు.

“అంకుల్, ఇప్పుడు కొండ మీది జలపాతంలో నీళ్ళుండవు. కార్తీకంలో అయితే బాగుంటాది. అప్పుడు పోదామా?” అనింది.

“నీళ్ళ కోసరం రాలేదు పాపా” అన్నాను.

మర్నాడు పొద్దున్నే ఒక బండి దగ్గర కారం దోశలు కట్టించుకొని ఆటోలో బయలుదేరాం. ఊరు ఒక్కసారిగా ఆగిపోదు. ముందు సగం కట్టిన ఇళ్ళు, తర్వాత ఖాళీ ప్లాట్ల రాళ్ళు, తర్వాత చెత్తకుప్పలు, చివర కంచె. కంచె దగ్గర వాచరు ఓబులేసు మా కోసం ఎదురు చూస్తున్నాడు. నలభై ఏళ్ళ మనిషి, చేతిలో కర్ర, మెడకు తుండుగుడ్డ.

“ఎర్రచందనం గొడవ ఉండాది గదన్నా, కొత్త మనుషుల్ని ఒంటిగా ఇడ్సము. దావలో యాడా అగ్గిపుల్ల గీయొద్దు. నీళ్ళు ఎన్ని తెచ్చినారు?” అన్నాడు. సీసాలు చూపించాను. “సాలవు” అని తన డబ్బా ఒకటి భుజానికి వేసుకున్నాడు. ఈ దారిన పోదలచిన వాళ్ళు ఆయన మాట గుర్తు పెట్టుకోవాలి. పైన తాగే నీళ్ళు లేవు.

మొదట్లో దారి తేలికే. తంగేడు పొదల మధ్య ఎర్రమట్టి బాట. తర్వాత పరిచిన రాళ్ళు మొదలవుతాయి. ఎన్ని కాళ్ళు, ఎన్ని గిట్టలు తొక్కాయో, నడుమ నున్నగా అరిగి గుంట పడి ఉన్నాయి. ఒక మలుపులో సుంకం వసూలు చేసిన కొట్టం గోడలు మొండిగా మిగిలాయి. ఆ పక్కనే గుండు మీద చెక్కిన ఆంజనేయుడు. మొహం అరిగిపోయి తోక మాత్రం తెలుస్తోంది. ఆకు రాలే కాలం కావడంతో చెట్లన్నీ పుల్లలై నిలబడ్డాయి. నీడ ఎక్కడా లేదు. మేం నడిచే చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు.

మగ్గం గుంతలో కూర్చొని బతికిన కాళ్ళు నావి. ఎక్కుడు మొదలయ్యాక మాటిమాటికీ ఆగాను. రుక్సానా నేను ఆగినప్పుడల్లా ఆగి, నా మొహం కేసి చూసేది. ఆ చూపులో భయం ఉంది. నేను పెద్దవాణ్ణని భయపడుతోందనుకున్నాను.

సగం దూరంలో ఒక పెద్ద చదును బండ వచ్చింది. దాని మధ్యలో వాన నీళ్ళు నిలిచే దోనె ఉంది. ఇప్పుడు అడుగున పాచి తప్ప ఏమీ లేదు. అక్కడ కూర్చొని దోశలు తిన్నాం. కింద కడప కనిపించింది. పొద్దుటి మసకలో ఇళ్ళన్నీ చిన్న చిన్న పెట్టెల్లా ఉన్నాయి. లీల చెప్పింది గుర్తొచ్చి, “పైనుంచి ఇంకా బాగా కనపడతాది గదా?” అన్నాను. రుక్సానా సీసా మూత తిప్పుతూ ఉండిపోయింది. ఓబులేసు, “ఎండ ముదరకముందే పోదాం పాండి” అని లేచాడు.

అక్కణ్ణుంచి దారి కొండ నడుము చుట్టి లోపలికి పోతుంది. ఊరు వెనకపడిపోతుంది. చివరి ఎక్కుడు నిటారుగా ఉంది. రాళ్ళు పట్టుకొని, ఓబులేసు కర్ర అందుకొని ఎక్కాను. తొమ్మిది దాటేసరికి పైకి చేరాం. రెండు కొండల మధ్య ఇరుకైన చోటది. ఎత్తైన బండ మీద నీళ్ళు దిగిన నల్లటి చార ఉంది, నీళ్ళు లేవు. కింద మడుగు ఎండి పగిలింది. చుట్టూ కొండలే. కడప ఎటువైపుందో కూడా తెలియడం లేదు.

పార్వతికి చెబుదామని ఫోను తీశాను. సిగ్నల్ లేదు. అటూ ఇటూ నడిచి చూశాను.

“ఈడ ఏ ఫోనూ పలకదన్నా. దోనె బండ దాటితే సిగ్నలుండదు” అన్నాడు ఓబులేసు.

“మా పాప ఈణ్ణుంచే నాతో మాట్లాడేది గదప్పా.”

ఆయన రుక్సానా వైపు చూశాడు. ఆమె బండకు ఆనుకొని కూర్చుంది, మొహం మోకాళ్ళలో పెట్టుకుంది. నేను పక్కన కూర్చున్నాను. తల ఎత్తకుండానే చెప్పింది.

“లీల ఈడికి ఒక్కసారి కూడా రాలేదంకుల్. దోనె బండ కాడికొచ్చేకే ఊపిరందక పెదవులు నీలంగా అయితాండె. మీరు పోండి, నేనీడ కూసుంటా అనేది. మేము దిగొచ్చేదాకా ఆడ్నే కూసోని మీతో మాట్లాడేది. ఎన్నిసార్లో చెప్పినా, పెద్దాస్పత్రికి పోదాం పాయే అని. మా నాయనకు తెలిస్తే చదువు మాన్పించి ఇంటికి పిలుచుకపోతాడు, నువ్వెవరికీ చెప్పొద్దు అని ఒట్టు పెట్టించుకుండె. నేను చెప్పింటే...”

నాకు కోపం రావాలి. రాలేదు. మొదటి ఏడు లీలకు జ్వరమొస్తే, “చదివింది చాలు, ఇంటికొచ్చెయ్” అని ఫోనులో అరిచిన మాట వాస్తవమే. ఆ మాటను లీల మనసులో పెట్టుకుంది.

“పాపా, నువ్వు దాని మాట నిలబెట్టినావు. అంతే. ఇంక ఏడవొద్దు” అన్నాను. అంతకన్నా మంచి మాట నాకు తోచలేదు. ఓబులేసు తన డబ్బాలోంచి నీళ్ళు వంచి ఆమెకు మొహం కడుక్కోమని ఇచ్చాడు.

దిగేటప్పుడు దోనె బండ మీద మళ్ళీ కూర్చున్నాను. లీల ఎక్కడ కూర్చునేదో రుక్సానా చూపించింది. అక్కడ చేయి ఆనించాను. ఎండకు కాలుతోంది. తీయకుండా అట్లాగే ఉంచాను.

కంచె దగ్గరకు వచ్చేటప్పటికి ఎండ నెత్తికెక్కింది. ఓబులేసుకు దండం పెట్టాను. రుక్సానా స్టేషన్ దాకా వచ్చింది. బండి కదిలేటప్పుడు, “ఎమ్మిగనూరుకు ఒకసారి రా పాపా. మీ ఆంటీ చూడాలంటాంది” అన్నాను. పార్వతి ఎప్పుడూ అట్లా అనలేదు. కానీ ఆ పిల్లను ఊరికే పంపించబుద్ధి కాలేదు.

తిరుగు ప్రయాణంలో పెట్టె ఖాళీగా ఉంది. ముద్దనూరు దాకా ఒకటే ఆలోచన. పార్వతికి చెప్పాలా వద్దా? పాప ఏ బాధా తెలియకుండా, ఒక్కరోజులో పోయిందనే కదా ఆమె అనుకుంటోంది. ఆ కాస్తనూ తీసేయడమెందుకు? చెప్పకూడదనే నిర్ణయించుకున్నాను. తాడిపత్రి దాటాక ఆమే ఫోను చేసింది.

“పోయినావా కొండకు?”

“పోయినా. బాగుండాది.”

“పైదాకా పోయినావా?”

ఊ అనాలనుకున్నాను. నోరు పెగల్లేదు. పార్వతే మెల్లగా అనింది: “అయితే తెలిసింటాది నీకు. పాప ఆడికి పోలేదని.”

కిటికీ చువ్వ గట్టిగా పట్టుకున్నాను.

“నాకు చెప్పింది. ఆయాసమొస్తాందమ్మా అని. రక్తం తక్కువుందని ఆడెవరో డాక్టరు టానిక్కు రాసిచ్చినాడంట. తాగుతాండా, నాయనకు చెప్పొద్దమ్మా అనె. నేనూ రక్తమే అనుకుంటి. ఆపొద్దు డాక్టరు అడిగినప్పుడు నువ్వు లేదంటివి. నేను నీ పక్కనే నిలబడుంటి. నా నోట్లోంచి మాట రాలేదు.”

ఆమె ఏడవడం లేదు. ఎప్పుడో ఏడ్చి ముగించిన గొంతు అది. మగ్గం మీద నేను, నూలు కండెలు చుడుతూ ఆమె, ఈ ఆరు నెలలూ ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చున్నాం. ఆమె నోట మాట తగ్గిందని చూశానే గానీ, ఎందుకని అడగలేదు.

“ఇంతకాలం ఒక్కదానివే మోస్తివా?” అన్నాను.

అప్పుడు ఏడ్చింది. నేను ఫోను చెవికి ఆనించుకొని, గుత్తి వచ్చేదాకా వింటూ కూర్చున్నాను.

పాత కనుమకు పోదలచిన వాళ్ళు కార్తీకంలో పోండి. అప్పుడు నీళ్ళుంటాయట, చెట్లకు ఆకుంటుందట. నేను చూసింది ఎండిన కొండను. ఒంటిగా పోకండి. మీతో వచ్చినవాళ్ళలో ఎవరైనా ఊపిరి అందక కూర్చుండిపోతే, వాళ్ళను విడిచి పైకి పోకండి. పైన చూడవలసింది ఏదీ అంతకన్నా గొప్పది కాదు.