ముందు అన్నం, తర్వాత తువ్వాల

మా బాపు ఊళ్లోవాళ్ల గొర్రెలను కూడా మా మందలో కలిపి మేపేవాడు. నార్కట్‌పల్లి అవతలి గుట్టల్లో ఎప్పుడైనా తోడేలు ఒకదాన్ని ఎత్తుకుపోతే, గుమ్మంలోకి రాకముందే ఆయన ముఖం చూసి అమ్మకు తెలిసిపోయేది. అయినా ఒక్క మాట అడిగేది కాదు. కాళ్లకు నీళ్లిచ్చి అన్నం పెట్టేది. తిని చేయి కడుక్కున్నాకే ఏమైందని అడగడం. అది మా ఇంటి పద్ధతి. ఆ తర్వాత బాపు గొర్రె గలవాళ్ల ఇంటికి పోయి, భుజం మీది తువ్వాల తీసి వాళ్ల ముందు నేల మీద పెట్టి దండం పెట్టేవాడు. తప్పు తోడేలుదే, కానీ కాపలా ఉన్నది తను. ఆ ఇంటివాళ్లు తువ్వాల ఎత్తి చేతికిస్తే సంగతి అక్కడితో ముగిసినట్టు. తన చేత్తో తాను ఎత్తుకోకూడదు.

నేను గొర్రెల వెంట పోలేదు, కబడ్డీ వెంట పోయాను. రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు పెద్ద లీగులో ఒక జట్టు నన్ను తీసుకుంది. కూత పట్టానంటే ఊపిరి తెగేది కాదు, అదే నా బతుకుతెరువు. అలాంటి నాకు మైకు కనపడితే చాలు, ఊపిరి సగంలో ఆగిపోయేది. ఒప్పందం ప్రకారం గెలిచినా ఓడినా, ఎవరిని పిలిస్తే వాళ్లు మ్యాచ్ అయిన వెంటనే కెమెరా ముందుకు పోవాలి. నాకు వద్దని కోచ్‌ను బతిమిలాడాను. ఆయన మన పాలమూరు మనిషే.

"ఏడుగురి మీదికి ఒక్కనివే పోతవ్, గింత మైకుకు భయపడ్తవారా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వకపోతే పిరికివాడినని తేలిపోతుందని సిగ్గు.

మీడియా సంగతులు చూసే అమ్మాయి మాత్రం ఓపికగా ఒక జవాబు నేర్పింది. "బాగానే ఆడాం. తప్పులు సరిదిద్దుకుని ఇంకా కష్టపడతాం." చిలకలా అప్పజెప్పేవాణ్ణి. గెలిచిన రోజుల్లో దాంతో గట్టెక్కాను.

ఆ సాయంత్రం చివరి రెయిడ్ నాది. ఒక్క పాయింటు తెస్తే గెలుపు. మధ్య గీత చేతికందేంత దూరంలో ఉండగా చీలమండ దొరకబుచ్చుకున్నారు. నా కూత ఆగిన చోటే మా ఆట ఆగింది. చెమట ఆరకముందే, గుక్కెడు నీళ్లు తాగకముందే నన్ను మైకు ముందు నిలబెట్టారు. విలేకరి హిందీలో అడిగాడు, మీవల్లే జట్టు ఓడింది కదా, ఎలా అనిపిస్తోంది అని. పుండు మీద కారం చల్లి మండుతోందా అని అడిగినట్టుంది. నేర్చుకున్న జవాబు గుర్తుకు రాలేదు. భుజం మీద జట్టు తువ్వాల ఉంది. దాన్ని తీసి అతని కాళ్ల ముందు నేల మీద పెట్టి దండం పెట్టాను.

మా ఊళ్లో అయితే అంతకు మించిన మాట లేదు. అక్కడ మాత్రం ఆ అమ్మాయి పరుగెత్తుకొచ్చి తువ్వాల ఎత్తుకుంది, జట్టు గుర్తు నేల మీద ఉందని. తెల్లారేసరికి అందరి ఫోన్లలో తిరిగిన వీడియోలో జట్టు గుర్తును కాళ్లకింద పడేసినవాణ్ణి నేను. విచారణ అయ్యేదాకా ఇంటికి పొమ్మన్నారు. తల కొట్టేసినట్టయింది.

అక్కడితో అయిపోతే నా సిగ్గు నేనే మోసుకునేవాణ్ణి. బస్సులో చిట్యాల దాటుతుండగా ఫోన్‌లో ఇంకో వీడియో వచ్చింది. హైవే పక్కన మంద, మధ్యలో బాపు. ఎవడో మైకు పట్టుకుని అడుగుతున్నాడు. "నీ కొడుకు గిట్ల చేసిండు గదా, తండ్రిగా నీకెట్లనిపిస్తాంది?"

బాపు మైకు వైపు చూశాడు. తువ్వాల తీసి నేల మీద పెట్టి దండం పెట్టాడు. చేతులు దించకుండా అలాగే నిలబడ్డాడు, వాడు ఎత్తిస్తాడని. వాడికేం తెలుసు? కెమెరా తువ్వాల మీదికి దిగింది, ఎవరో నవ్వారు, వీడియో అయిపోయింది. కింద 'తండ్రీ కొడుకులు ఒక్కటే' అని రాశారు. నా చేతిలో పోయిన పాయింటుకు ఆయన తలవంచాడు. బస్సులో పక్కవాడు కూడా అదే చూసి నవ్వుతుంటే నేను ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాను.

ఇంట్లో అమ్మ ఏమీ అడగకుండా కాళ్లకు నీళ్లిచ్చింది. జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. బాపు ఎదురుగా కూర్చున్నాడు, భుజం ఖాళీగా ఉంది. రోడ్డు పక్క వదిలేసి వచ్చిన తువ్వాలను అమ్మే పోయి తెచ్చి, ఉతికి దండెం మీద వేసిందట. ఆయన మాత్రం ముట్టడం లేదు. చేయి కడిగితే అడుగుతారని నేను ఖాళీ పళ్లెంలో వేళ్లు ఆడిస్తూ కూర్చున్నాను. ఎంతసేపని? చేయి కడుక్కోక తప్పలేదు.

"ఏమైందిరా?" అన్నాడు బాపు.

"బాగనే ఆడినం బాపు. తప్పులు సరిచేస్కొని ఇంకా కష్టపడ్తం."

నా నోటి నుంచి ఆ మాట వినగానే నాకే అసహ్యం వేసింది. మైకు ముందు రాని జవాబు కన్నతండ్రి ముందు గడగడా వచ్చింది.

"గది టీవీల చెప్పేది," అన్నాడు. "ఇంట్ల చెప్పేది చెప్పు."

"ఊపిరాడలే బాపు," అన్నాను. "శాన దినాల సంది ఆడ్తలేదు. మైకు జూస్తె సచ్చిపోతనేమో అనిపిస్తది."

బాపు నవ్వలేదు. "మరి గీ ముచ్చట ముందుగాల మాకెందుకు చెప్పలే?" అన్నాడు. నేను లేచి దండెం మీది తువ్వాల తీసుకుని ఆయన ముందు నిలబడ్డాను. ఎత్తివ్వాల్సింది నేను కాదని నాకు తెలుసు, బాపుకూ తెలుసు. అయినా భుజం ముందుకు వంచాడు.