లొట్టకాయల చప్పుడు తెలిసిన చెవి

శుక్రవారం ఉదయం బడిలో పిల్లలకు సరళీ వరుసలు చెప్పిస్తుండగా ఉరవకొండ నుంచి డోలు నాగరాజు ఫోను చేశాడు. ఏదో ఒక పరాచికం ఆడనిదే విషయంలోకి రాని మనిషి. ఆ రోజు మాత్రం "అక్కా, సార్ పోయినాడు" అని ఊరుకున్నాడు. ఏ సార్ అని నేను అడగలేదు. మా ఇద్దరికీ, మాలాంటి మరో పద్దెనిమిది మందికీ ఈ లోకంలో సార్ ఒక్కరే. క్లారినెట్ విద్వాంసులు, మా వాద్యబృందానికి గురువు, రచయిత అయిన కదిరి పీరాన్ సార్ ఇక లేరన్న మాట చెవిలో పడింది గానీ మనసు దాన్ని పుచ్చుకోలేదు. పిల్లలు పాడుతూనే ఉన్నారు. నా చెయ్యి తాళం వేస్తూనే ఉంది.

సార్‌ను ఎరగని వారికోసం రెండు మాటలు. ఆయన తండ్రి కదిరి అవతల మెట్ట చేలో వేరుశనగ సేద్యం చేసేవారు. పెళ్లిళ్ల కాలంలో బ్యాండుసెట్టులో క్లారినెట్ ఊదేవారు. ఆ పాత క్లారినెట్టే సార్‌కు ఆస్తి, అదే విద్య. సంగీతం మాస్టారుగా ఉద్యోగం చేస్తూనే జిల్లా నలుమూలల నుంచి వయొలిన్లు, వేణువులు, నాదస్వరం, డోలు, తప్పెట అన్నిటినీ ఒక్కచోట చేర్చి ఇరవై మందితో బృందం కట్టారు. శాస్త్రీయ విద్వాంసులు ఆయన్ని బ్యాండువాడన్నారు, బ్యాండువాళ్లేమో పంతులన్నారు. రెండింటికీ ఆయన సమాధానం ఒక్కటే, నవ్వు. ఆ నవ్వు చూసి నాకు ఒళ్లు మండేది. గట్టిగా ఒక మాట అనరేమిటని లోలోపల సణుక్కునేదాన్ని.

ధర్మవరం మగ్గాల ఇంట్లో పుట్టిన నాకు వేరుశనగ అంటే ఉడకబెట్టుకుని తినేది, అంతే. వయొలిన్ నేర్చుకుందామని మొదటిసారి సార్ దగ్గరికి వెళ్లిన రోజున ఆయన చేతికి వాద్యం ఇవ్వలేదు. జేబులోంచి ఒక ఎండు వేరుశనగ కాయ తీసి ఇచ్చారు.

"చెవి కాడ పెట్టుకోని ఊపు పాపా. ఎన్ని గింజలుండాయి?"

నాకేం తెలుసు? "రెండు సార్" అన్నాను ధైర్యంగా. సార్ కాయ ఒలిచారు. ఒక్క గింజ ఉంది, దాని పక్కన నల్లగా ఎండిపోయిన పొట్టు ముక్క. "ఒగటే. రెండోదానికి వాన చాలలే. వాన యాడ నిలిచిపోయిందో కాయ చెప్తాది, మనం వినల్ల" అని ఆ గింజ నోట్లో వేసుకుని, అప్పుడు వయొలిన్ అందించారు. నా సంగీతాభ్యాసానికి అదే శ్రీకారం.

సార్ రచనల్లో పెద్దది 'కార్తెలు'. వానల్ని కార్తెల పేర్లతో చెప్పుకునే నేల మాది కనుక ఆ పేరు ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. రోహిణిలో వేణువుల్లోంచి స్వరం రాదు, వట్టి గాలి వస్తుంది. మృగశిరలో మా వయొలిన్ల తీగల మీద నాలుగు చినుకులు పడతాయి. ఆరుద్ర వచ్చేసరికి డోలు, తప్పెట ఎత్తుకుంటాయి, విత్తనం పడుతుంది. ఆ తర్వాత వాన లేదు. వాద్యాలు ఒక్కటొక్కటే ఆగిపోతాయి. చిట్టచివర ఇరవై మందిమీ వాద్యాలు కింద పెట్టి, రెండు పిడికిళ్లలో కాయలు పట్టుకుని ఊపాలి. అదీ కోత. సార్ తన గుండ్రటి అక్షరాలతో అక్కడ "లొట్టకాయలు" అని రాశారు. గింజ పట్టని ఉత్త డొల్లను మేము లొట్ట అంటాం. కరువు యేట తండ్రి చేలో మిగిలిన లొట్టల్ని ఆయన గోతంలో కట్టి అటక మీద దాచుకునేవారు.

హైదరాబాదులో కచేరీకి పిలుపు వచ్చినప్పుడు మా వాళ్లకు అది మింగుడు పడలేదు. "ఏం సార్, హైదరాబాదు దాకా పోయి లొట్టలు ఊపేదా? ఊర్లో తెలిస్తే నగుతారు" అన్నాడు నాగరాజు. నాదస్వరం పెద్దాయన మొహం ముడుచుకుని "కచేరీ అన్నాక మంగళంతో ముగియల్ల" అన్నాడు. సార్ క్లారినెట్ తుడుచుకుంటూ "పండిన యేడు మంగళం వాయిస్తాంలేప్పా" అన్నారు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కాయల గోతం నా పూచీ. ఇంట్లో సాధన చేస్తుంటే లొట్టలు సరసరమని చప్పగా పలికేవి. అంత పెద్ద హాలులో ఇది ఎవరికి వినపడుతుంది, మా సార్‌ను చూసి పట్నం వాళ్లు పెదవి విరిస్తే ఎలా అని నా భయం. ప్రయాణానికి ముందురోజు కళ్యాణదుర్గం వెళ్లి మేలు రకం కాయలు తెచ్చాను. లొట్టల్ని మా మగ్గం పక్కన కుమ్మరించి, అదే గోతంలో వీటిని నింపాను. ప్రేమతోనే చేశాను. ప్రేమతో చేసినా అది గురువు రాసిన దాన్ని దిద్దడమే.

హైదరాబాదులో నలభై పిడికిళ్లు గలగలా మోగాయి. ఆ మోత మొదలైన క్షణాన తాళం చూపిస్తున్న సార్ చెయ్యి గాలిలో ఆగింది. ఆయన కళ్లు మూసుకున్నారు. సభ మాత్రం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. చివర్లో కురిసిన వాన అద్భుతమని ఒక పత్రిక రాసింది. వాన లేదని గంటసేపు వాయిస్తే వాళ్లకు వానే వినిపించింది! నాగరాజు "బలే పని చేసినావక్కా" అని మురిసిపోయాడు.

తిరుగు ప్రయాణంలో, బస్సులో, సార్ గోతంలో చెయ్యి పెట్టారు. ఒక కాయ తీసి ఒలిచారు. రెండు గింజలు, ఎర్రగా, బలంగా. తిన్నారు. "బాగుండాయి" అని అందరికీ తలా గుప్పెడు పంచారు. గుత్తి వచ్చేసరికి గోతం సగమైంది, బస్సు నిండా పొట్టు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఏడ్చి తేలికపడేదాన్ని. ఆయన రచనను నేను పాడుచేశానా, ఆయన నన్ను క్షమించారా అన్న ప్రశ్న ఆ రోజు నుంచి నన్ను పట్టుకుంది. అడగడానికి మాత్రం నోరు రాలేదు.

మరుసటి యేడు కళ్యాణదుర్గంలో వాయించాం. ఈసారి గోతం నాకు అప్పగించలేదు. సార్ స్వయంగా ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. జనం అంతా చేనుపని చేసేవాళ్లు. కచేరీ మొదలై పది నిమిషాలైనా "పాడేవాళ్లు ఇంగా రాలేదా?" అని ముందు వరుసలో ఒకరు ఇంకొకరిని అడగడం నాకు వినపడుతూనే ఉంది. వేణువుల్లో వట్టి గాలి వస్తుంటే "మైకు చెడిపోయిండాది చూడండప్పా" అని ఒకాయన కేక వేశాడు. ఆరుద్ర డోలు ఎత్తుకున్నాక కాళ్లు ఆడాయి. ఆపైన వాద్యాలు ఒక్కటొక్కటే ఆగుతుంటే మాటలు కూడా ఆగాయి. మేము కాయలు ఊపాం. సరసర. ఒక్క చప్పట్ల చప్పుడు లేదు.

ఒక ముసలాయన మెల్లగా వేదిక ఎక్కి వచ్చాడు. నా పిడికిట్లోంచి ఒక కాయ తీసుకుని చెవి దగ్గర ఊపాడు. జనం వైపు తిరిగి "లొట్టలు" అన్నాడు. అంతే, వెనక నుంచి ఒకతను లేచాడు. "ఇంట్లో వినేది చాల్లేదా? ఈడికొచ్చి గూడా ఇదే వినల్నా మేము?" సార్ మైకు దగ్గరికి వెళ్లారు.

"అన్నా, పట్నంలో ఇది వాయిస్తే వాన అనుకున్నారు. నువ్వు సరిగ్గా విన్నావు. నీ అట్లాంటి చెవి కోసరమే రాసింది."

ఆ మాట అంటూ నా వైపు ఓరగా చూసి నవ్వారు. నేను తల దించుకున్నాను. లేచినతను ముందుకొచ్చి నేల మీద కూర్చున్నాడు. "మళ్లా ఒగసారి వాయించండి" అన్నాడు. చివరి భాగం మళ్లీ వాయించాం. ఈసారి నాగరాజు కూడా లొట్టలు ఊపుతూ కళ్లు తుడుచుకున్నాడు.

కాయలో గింజలు లెక్కపెట్టే ఆ చెవులకే చివరి రోజుల్లో వినికిడి పోయింది. విధికి ఇంతకన్నా క్రూరమైన పరాచికం దొరకలేదా అని నాకు కోపం. ఆయనకు లేదు. "నాకెప్పుడో ఇచ్చినారు, చెవులకు రిటైర్‌మెంటు ఇప్పుడిచ్చినారు పాపా" అనేవారు. పోయిన నెల చూడ్డానికి వెళ్లాను. సార్ భార్య బీబమ్మ టీ తెచ్చి ఇచ్చింది. నేను తీసుకెళ్లిన కాయల్లోంచి సార్ ఒకటి తీసి చెవి దగ్గర ఊపారు, మళ్లీ ఊపారు. నాకు అందించి "నువ్వు చెప్పు" అన్నారు. విని, "రెండు సార్!" అని అరిచాను. ఒలిచి చూశారు. రెండే. నా మొదటి పరీక్ష ఆ పూట నెగ్గాను.

ఆ ధైర్యంతోనే అడిగాను. "ఆ పొద్దు కాయలు మార్చినందుకు కోపం రాలేదా సార్?" వినపడలేదు. "గట్టిగా చెప్పు పాపా." ఇన్నేళ్లూ గుండెలో దాచుకున్న మాటను వీధి వీధంతా వినేలా అరవాల్సి వచ్చింది. పక్క మిద్దె మీద బట్టలు ఆరేస్తున్నామె తొంగి చూసింది. బీబమ్మ కంగారుగా వచ్చి "ఎవరేం మార్చినారమ్మా?" అంది. సార్ దగ్గు వచ్చేదాకా నవ్వారు.

"కోపం యాలకు పాపా? మా నాయన బతికినన్నాళ్లూ విత్తినాడు. ఆ చేను నిండా పండితే ఎట్లా పలుకుతాదో నేను ఒగనాడూ వినలే. ఆ పొద్దు నువ్వు వినిపిచ్చినావు. కండ్లు మూసుకోని విన్నా." మళ్లీ గురువై, వేలు చూపించారు. "అట్లని మళ్లా మార్చొద్దు. రాసింది లొట్టలే."

శుక్రవారం సాయంత్రం మగవాళ్లు ఆయన్ని మోసుకుపోయారు. నేను బీబమ్మ దగ్గర కూర్చున్నాను. ఆమె అటక వైపు చూపించి "ఆ గోతం మీదేనమ్మా" అంది.

నలభయ్యో రోజున కదిరిలో 'కార్తెలు' వాయిస్తున్నాం. సార్‌కు మేము ఇవ్వగల నివాళి అదొక్కటే. ఇరవై మందిమీ లొట్టలే ఊపుతాం, ఆయన రాసింది రాసినట్టు. నా ఎడమ పిడికిట్లో మాత్రం ఒక్కటి గింజ పట్టిన కాయ ఉంటుంది. మార్చొద్దన్నారు, తెలుసు. ఇది ఆయన తండ్రి చేను కోసం. నలభై పిడికిళ్ల చప్పుడులో ఆ ఒక్క కాయనూ పట్టుకుని నా వైపు ఓరగా చూసే మనిషి ఇక ఏ సభలోనూ ఉండరు. అలాంటి చెవి మళ్లీ పుడుతుందన్న ఆశ నాకు లేదు.

కచేరీ అయ్యాక ఆ కాయ ఒలుచుకుని తింటాను. ఎన్ని గింజలని అడిగేవారు లేరు.