మేడం పదో ప్రశ్న

మా మేడం పోయారని మొన్న పొద్దున కాడుగోడి నుంచి ఆమె కూతురు ఫోన్ చేసింది. ఏడుపు రాలేదు. ముందు గుర్తొచ్చింది ఆ పది ప్రశ్నలే. సిగ్గు విడిచి చెబుతున్నాను, పోయిన మనిషి మీద కూడా కుళ్ళుకున్నాను.

తొంభైల చివర్లో బెంగళూరులో, ఒక ఆరోగ్య పరిశోధన సంస్థలో, ఇద్దరం ఒకే గదిలో పనిచేశాం. ఏళ్ల తరబడి మనిషిని తినేసే ఒత్తిడిని కొలవడానికి ప్రశ్నావళి తయారుచేయాలి. నేను పుస్తకాలన్నీ తిరగేసి అరవై ప్రశ్నలు రాశాను. దొడ్డబళ్ళాపురం నేతగాళ్లను అడిగి చూస్తే, ఇరవయ్యో ప్రశ్నకే లేచి మగ్గాల దగ్గరికి వెళ్లిపోయారు. కూర్చున్నవాళ్లది ఒకటే మాట: "ఏం లేదు సార్, బాగుండాం."

మేడం నా ప్రశ్నల్లో యాభై ఒకటి కొట్టేశారు. మిగిలినవీ తిరగరాశారు. "నిద్ర పడతాందా అంటే పడతాందనే చెప్తారప్పా. రాత్రి ఎన్నిసార్లు లేచినావని అడుగు" అన్నారు. పదోది పూర్తిగా ఆమె సొంతం: ఈ వారం ఎన్ని రోజులు కూర్చుని వేడి అన్నం తిన్నారు?

"మనది వంటల పోటీ కాదు మేడం" అన్నాను. నవ్వుతూ దానికి పదో నంబరు వేశారు.

ముందు ఆఫీసువాళ్లమే నింపి చూశాం. నేనప్పుడు మహదేవపురలో ఒంటరిగా ఉంటూ, బేకరీ ముందు నిలబడి బన్ను టీలో ముంచుకు తింటున్నాను. అయినా 'ఏడు రోజులు' అని రాశాను. ఆమె ప్రశ్నకు నేను దొరకడమా!

తర్వాత, పోల్చడానికి నా పాత ప్రశ్నలు కొన్ని కలిపి నేతగాళ్లను అడిగాం, రెండు వారాలాగి వాళ్లనే మళ్ళీ అడిగాం. జవాబు మారకపోతేనే ప్రశ్న నమ్మదగ్గది. నా పాత ప్రశ్నలకు జవాబులు తలోదారి పట్టాయి. ఆమెవి నిలిచాయి. డాక్టరు ఒక్కొక్కరితో గంటసేపు మాట్లాడి తేల్చినదానితో అన్నిటికన్నా బాగా కలిసింది ఆ అన్నం ప్రశ్నే. అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను. లోపల కడుపు మండిపోయింది.

అన్నట్టు, మేం కాగితాలు నింపిన మర్నాటి నుంచే మేడం మధ్యాహ్నం నా పక్కకు కుర్చీ లాక్కుని హాట్ బాక్స్ తెరిచేవారు. "పప్పన్నం వేడిగా ఉండాది. కూసోని తినప్పా." గొప్పలు పోతోంది అనుకుంటూనే తిన్నాను. ఏడేళ్లు తిన్నాను.

నిన్న ఆమె కూతురు పాత ఫైలొకటి చేతిలో పెట్టింది. అందులో నేను నింపిన కాగితం ఉంది. 'ఏడు రోజులు' పక్కన పెన్సిల్‌తో ఆమె సన్నటి రాత: "అబద్ధం. రేపట్నుంచి ఇద్దరికీ వండాల."

ఇంటికొచ్చి అన్నం వండుకుని, పక్కన ఇంకో కుర్చీ లాగి పెట్టి కూర్చున్నాను. కంచంలో అన్నం చల్లారిపోయింది.