నాయన చెక్కిన రాతిమూత

తేనెపెట్టె చేయడానికి నేను వాడిన కొలబద్ద బడిలో పిల్లలు రాసుకునే పెన్సిలు. ఈగలు పట్టు కట్టుకునే చట్రానికీ పెట్టె గోడకూ మధ్య ఆ పెన్సిలు పట్టేంత సందు ఉండాలి. తక్కువైతే ఈగలు తిరగలేవు, ఎక్కువైతే ఆ ఖాళీలో ఇష్టమొచ్చినట్టు పట్టు కడతాయి. ఈ సంగతి తేనెటీగల పెంపకంలో మాకు వారం రోజులు శిక్షణ ఇచ్చిన ఆఫీసరు చెప్పాడు. చెప్పి, ఒక నమూనా పెట్టె చూపించి, దాన్ని జీపులో వేసుకుని వెళ్ళిపోయాడు. కావాలంటే మీరే చేసుకోండి అన్నట్టు.

యాభైల నాటి మాట. రాయచోటి దగ్గర ఒక ఊళ్ళో మిషన్ బడిలో టీచరును. అమ్మ పోయాక ఇంట్లో నేనూ నాయనా మాత్రమే. ఆయన బతుకంతా నాపరాళ్ళ గనిలో రాళ్ళు చెక్కాడు. రాతి దుమ్ము రొమ్ముకు పట్టి, ఇక ఉలి ముట్టొద్దని డాక్టరు చెప్పాక ఇంటిపట్టున ఉండి, కనపడిన ప్రతిదానికీ వంక పెట్టేవాడు. నా రంపపు కోతకు కూడా పెట్టాడు.

కిరసనాయిలు డబ్బాలొచ్చే చెక్కపెట్టెలు రెండు కొని విప్పదీశాను. గోడలయ్యాయి, అడుగు పలక అయింది, ఎనిమిది చట్రాలూ అయ్యాయి. మూతకు వచ్చేసరికి చెక్క అయిపోయింది.

"రాయి ఉండగా కట్టె ఎందుకమ్మా? రాతికి చెద పట్టదు, గాలికి ఎగిరిపోదు" అన్నాడు నాయన.

ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని, నాలుగు రోజులు అరుగు మీద కూర్చుని, పెట్టెకు సరిగ్గా సరిపోయే బండ చెక్కాడు. అంచులు వేలితో తడిమితే గరుకు తగలలేదు. దగ్గుతూనే చెక్కాడు. వద్దని నేను గట్టిగా అనలేదు. ఆ నాలుగు రోజులూ ఆయన నా అన్నానికి వంక పెట్టలేదు మరి.

కొండ తొర్రలోంచి తెచ్చిన ఈగలు పెట్టెలో కుదురుకున్నాయి. కార్తీకపు వానలకు చుక్క నీరు లోపలికి దిగలేదు. చలి మొదలవగానే ఆఫీసరు చెప్పినవన్నీ చేశాను. పెట్టె వాకిలి సందు చెక్కముక్కతో సగం మూశాను. చీమలు ఎక్కకుండా పెట్టె కాళ్ళ కింద నీళ్ళ చిప్పలు పెట్టాను. పువ్వు తక్కువైన రోజుల్లో చక్కెర పాకం పోశాను. చలి పొద్దున మూత తీయకూడదన్నాడు, తీయలేదు. బడిలో తోటి టీచర్ల దగ్గర కొంచెం గొప్పలు కూడా పోయాను.

అయినా వాకిలి ముందు రోజూ చచ్చిన ఈగలు కనబడసాగాయి. ముట్టుకుంటే తడిగా ఉన్నాయి. చలికేమోనని నాయన బండ మీద గోనెసంచి కప్పాడు. ఏమీ మారలేదు. చివరికి ఒక పొద్దున ఆఫీసరు మాట పక్కన పెట్టి మూత ఎత్తాను. బండ అడుగున చెమట పట్టినట్టు నీటి బొట్లు. అవి చట్రాల మీదికి కారుతున్నాయి. అంచున ఉన్న పట్లకు బూజు పట్టింది. ఈగల వేడి ఆవిరి పైకి లేచి, రాత్రంతా చల్లబడ్డ రాతికి తగిలి నీళ్ళవుతోందని అప్పుడు తెలిసింది. బయటి వాన రాకుండా చూసుకున్నాం గానీ లోపలే వాన కురుస్తోంది.

నాయన చెక్కిన ఆఖరి రాయి అది. రోజూ ఎండెక్కగానే తుండుగుడ్డతో దాన్ని తుడిచి వచ్చేవాడు. ఆయనకు ఎలా చెప్పను? ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ పది రోజులు గడిపాను. ఎనిమిది చట్రాల నిండా ఉన్న ఈగలు మూడు చట్రాలకు దిగాయి. ఇంకో వారం ఆగితే రాణి కూడా దక్కదు.

ఆదివారం ఒళ్ళు వెచ్చగా ఉందని అబద్ధమాడి ప్రార్థనకు మిషన్ గుడికి వెళ్ళలేదు. ఆయన వెళ్ళగానే నా బట్టల చెక్కపెట్టె మూత ఊడదీసి కొలతకు కోశాను. గోనెసంచిలో శెనక్కాయ పొట్టు నింపి పరుపులా కుట్టి చట్రాల మీద పరిచాను. దానిపైన చెక్క మూత పెట్టాను. బండను గోడకు ఆనించాను.

గుడి నుంచి వస్తూనే నాయన గోడ వైపు చూశాడు.

"బండ పగిలిందా?"

"లేదు నాయనా. దాని అడుగున నీళ్ళు పట్టి కారుతాండాయి. ఈగలు తడిసి చస్తాండాయి."

"ఎప్పుడు సూసినావు?"

"పది దినాలైంది."

"పది దినాలు సూస్తా ఊరకుండావా?"

"తీస్తే నువ్వు బాధపడతావని."

"నేను బాధపడితే రెండు దినాలు పడతా. అవి చచ్చిపోయినాయి కదమ్మా" అన్నాడు.

ఆయన మీద జాలి అనుకున్నది నా పిరికితనమే. సిగ్గుతో ఆ పూట అన్నం దిగలేదు. ఆయన మాత్రం కడుపునిండా తిని, పులుసులో ఉప్పెక్కువైందన్నాడు.

మూడు రోజులకు పెట్టె ముందు చావులు తగ్గాయి. రాణి దక్కింది. వేప పూత నాటికి ఆరు చట్రాలు నిండాయి.

ఎండలు ముదిరాక ఇంకో తంటా వచ్చింది. ఈగలు దాహానికి ఇరుగుపొరుగు నీళ్ళ తొట్లలో పడి చావడం, వాళ్ళు నా మీదికి రావడం. ఒక సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి అరుగు మీద ఉలి చప్పుడు. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని ఆ బండలోనే లోతు లేని గుంటలు తొలుస్తున్నాడు నాయన. ఈసారి గట్టిగానే కసిరాను. విన్నట్టు కూడా కనబడలేదు.

మర్నాడు దాన్ని పెట్టె పక్కన నీడలో పరిచి చెంబుతో నీళ్ళు పోశాడు. పొద్దెక్కేసరికి ఈగలు గుంటల అంచున వరసగా వాలి తాగుతున్నాయి. ఒక్కటీ మునగలేదు. ఆయన మంచం దగ్గరికి లాక్కుని చాలాసేపు వాటినే చూశాడు.

"ఈడ తడిగా ఉండినా ఏం కాదులే" అని, చెంబు తీసుకుని ఇంకాసిన్ని నీళ్ళు పోశాడు.