ఎవరి ఉద్యోగమూ పోదు

దుకాణాల్లో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టించడం జానకీదేవి పని. పెట్టడం ఒక ఎత్తు, అక్కడి మనుషుల్ని ఒప్పించడం ఒక ఎత్తు. అమీర్‌పేటలో కంప్యూటర్ కోచింగుల్లో పాఠాలు చెప్పీ చెప్పీ గొంతు అరిగాక ఆవిడ ఇందులోకి దిగింది. మందుల షాపైనా, మిఠాయి కొట్టైనా, వెళ్ళగానే కంప్యూటర్ జోలికి పోయేది కాదు. అందర్నీ కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఒకే మాట చెప్పేది.

"దీనివల్ల ఎవరి ఉద్యోగమూ పోదండీ. నాది పూచీ."

ఎన్నిచోట్ల చెప్పిందో ఏమో, చివరికి ఆ మాటను తనే నమ్మేసింది. పాపం, చిక్కంతా అక్కడే వచ్చింది.

పంజాగుట్టలో ఒక పెళ్ళి చీరల షాపు. తెల్ల పరుపుల మీద కూర్చుని చీరలు విప్పి చూపించే సేల్స్‌మెన్‌లో చాలామంది నేతపని వాళ్ళ బిడ్డలే. కొత్త మిషన్లు వస్తున్నాయనగానే వాళ్ళ మొహాలు మాడిపోయాయి. జానకీదేవి తన మాట చెప్పింది. ఎవరూ కదల్లేదు. అప్పుడు అందరిలోకీ పెద్దవాడు బిక్షం లేచాడు.

"మేడం గింత చెప్తున్నది గదా. జర నేర్చుకుందాం తియ్యుండ్రి" అన్నాడు. బిక్షం అన్నంతటివాడే స్కానర్ పట్టుకున్నాక మిగతావాళ్ళకు బెట్టు చేయడం కుదరలేదు.

పద్ధతి తేలికే. ఒక్కొక్కరికీ ఒక కార్డు. ముందు అది గీకి, తర్వాత చీర మీది చీటీ స్కాన్ చేస్తే ఆ అమ్మకం వాళ్ళ పేరున ఎక్కుతుంది. ఎవరెంత అమ్మారో యజమానికి ఫోన్లో కనిపిస్తుంది. అంతకుముందు బిల్లు మీద పేరు చేత్తో రాసేవాళ్ళు. అందులో వాళ్ళకొక కట్టుబాటు ఉండేది. ఎవరింట్లో జబ్బో చావో వచ్చి పడితే, కొన్నాళ్ళపాటు మిగతావాళ్ళు తమ అమ్మకాలు అతని పేరున రాసేవాళ్ళు. పాత యజమానికి తెలిసినా తెలియనట్టే ఉండేవాడు. ఈ సంగతి జానకీదేవికి చెప్పాలని వాళ్ళకు తోచలేదు. షాపులో ప్రతి అర గురించీ గుచ్చిగుచ్చి అడిగిన మహాతల్లికి, ఇది అడగాలని తోచలేదు.

నేర్పుతున్న రోజుల్లో బిక్షం ఒకసారి అడిగాడు. "మేడం, ఒకరి కార్డు ఇంకొకరు గీకితే ఏమన్న అయితదా?"

మిషన్ పాడైపోతుందని ముసలాయన భయం కాబోలనుకుందావిడ. "ఏం కాదండీ బిక్షం గారూ, మిషన్ ఏమీ అనుకోదు" అని నవ్వేసింది. బిక్షం తల ఊపి ఆ జవాబు మనసులో పెట్టుకున్నాడు.

కొన్నాళ్ళకు వాళ్ళలో ఒకడైన ఓదెలు భార్యకు మూత్రపిండాలు పాడయ్యాయి. వారంలో సగం రోజులు డయాలసిస్ కోసం ఆసుపత్రిలోనే. ఓదెలు షాపుకొచ్చినా మనిషి మనిషిలో ఉండేవాడు కాదు. బిక్షం చీరలు అమ్మి, ఓదెలు కార్డు గీకడం మొదలుపెట్టాడు. పాత యజమాని పోయాక షాపు పెత్తనం ఆయన కొడుకు ప్రమోద్‌ది. ఫోన్లో చూస్తే ఓదెలు దివ్యంగా అమ్ముతున్నాడు, బిక్షం పేరు అట్టడుగున ఉంది. వయసైపోయిందిలే, ఇక ఇంటిపట్టున ఉండమని బిక్షాన్ని మర్యాదగానే పంపేశాడు.

తర్వాత వచ్చినప్పుడు జానకీదేవికి బిక్షం కూర్చునే పరుపు మీద కొత్తవాడెవరో కనిపించాడు. అడిగితే ఓదెలు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"నా వల్లనే పోయిండు మేడం" అని జరిగినదంతా చెప్పాడు. "నేనే పోయి సారుతోని చెప్తనంటి. బిక్షమన్ననేమో చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నడు."

ఆవిడ ఆ సాయంత్రమే ఎర్రగడ్డలో బిక్షం ఇంటికి వెళ్ళింది. రైతుబజారు వెనక చిన్న ఇల్లు. బిక్షం భార్య రాజమణి చీరలకు ఫాల్స్ కుడుతుంది. ఇప్పుడు బిక్షం కూడా పక్కనే కూర్చుని, కళ్ళు చికిలించి సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. పట్టుచీరను ఒక్క విసురుతో పరుపంతా పరిచే చేతులవి. జానకీదేవి గుమ్మంలోంచే చెప్పేసింది.

"రేపు ప్రమోద్ గారికి నేను చెప్తానండీ. ఆ అమ్మకాలన్నీ మీవేనని."

"చెప్తే ఏమైతది మేడం?"

"మిమ్మల్ని మళ్ళీ పిలుస్తారు."

"మరి ఓదెలు?"

అసలు లెక్క తెలిస్తే ఓదెలును పంపేస్తారు. ఓదెలు పని పోతే, ఆసుపత్రి ఖర్చు భరించే ఈఎస్ఐ కార్డు పోతుంది. కార్డు పోతే ఆ ఇల్లాలి వైద్యం ఆగుతుంది.

"నా ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు బిక్షం. "నేను సూది పట్టుకోని బతుకుత. ఆమె బతకాలె గదా."

"నేను మీ అందరికీ మాటిచ్చానండీ."

అప్పటిదాకా తలెత్తకుండా కుడుతున్న రాజమణి నెమ్మదిగా అంది. "మీరు మాటిచ్చిన్రనే గదమ్మా, ఈన అందరికి నచ్చజెప్పింది."

తిట్టినా బాగుండేది. జానకీదేవి అక్కడే, ఆ చీరల కుప్ప పక్కన కూర్చుని ఏడ్చింది.

అయినా ఊరుకోలేదు. కార్డుల సంగతి ఎత్తకుండా, అనుభవం ఉన్న మనిషి కదా, మళ్ళీ తీసుకోండని ప్రమోద్‌ను బతిమాలింది. అతను విసుక్కోలేదు. "అంకెలు చూసే నిర్ణయాలు తీసుకోమని చెప్పింది మీరే కదండీ మేడం?" అన్నాడు. నిజమే, చెప్పింది. బయటికొస్తుంటే, మరో సేల్స్‌మన్ తను అమ్మిన చీరకు ఓదెలు కార్డు గీకుతూ కనిపించాడు. రేపు అట్టడుగుకు చేరే పేరు ఎవరిదో అనుకుంటూ ఆవిడ మొహం తిప్పుకుంది.

షాపు వాళ్ళు సంతోషించి, అమీర్‌పేటలో తెరుస్తున్న రెండో షాపు పని కూడా ఆవిడకే ఇచ్చారు. మొదటి రోజు అందరూ పరుపుల మీద చేరారు. టీ వచ్చింది. జానకీదేవి లేచి, ఎప్పుడూ చెప్పే మాట వదిలేసి, నేరుగా కార్డులు పంచబోయింది.

ముందు వరసలో కూర్చున్న మమత అనే సేల్స్ అమ్మాయి అడిగింది. "గీ మిషన్‌తోని ఎవరి నౌకరి సుత పోదు గదా మేడం? పంజాగుట్టల గట్లనే చెప్పిన్రంట."

అందరూ ఆవిడ వైపే చూస్తున్నారు. అక్కడ బిక్షం చూసినట్టే, నమ్మడానికి సిద్ధంగా.

"టీ చల్లారిపోతోందమ్మా, తాగండి" అంది జానకీదేవి.