నా దగ్గర బానే ఉంది

ఆఫీసులో అతన్ని అందరూ మెరుగుల మాస్టారు అనేవారు. వెబ్‌సైట్లు కట్టడం అతని పని. కట్టడంకన్నా కట్టినదాన్ని గోకుతూ కూర్చోవడం అతనికి ఇంకా ఇష్టం. బటన్ మూలలు గుండ్రంగా ఉంటే బాగుంటుందనేవాడు. గుండ్రంగా చేశాక, దాని కింద పిసరంత నీడ పడితే ఇంకా బాగుంటుందనేవాడు. అతని చేతిలో పడ్డ పేజీ ఒక్కనాడూ కుదురుగా ఉన్న పాపాన పోలేదు. తప్పు చూపించడానికి వచ్చినవాళ్లను మాత్రం తన కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా ఉన్న పెద్ద తెర చూపించి, "నా దగ్గర బానే ఉందే!" అనేవాడు. ఆ వృత్తిలో ఉన్నవాళ్లందరూ ఎప్పుడో ఒకప్పుడు అనే మాటే అది. విన్నవాళ్లు నవ్వేసి వెళ్లిపోతారు. ఇతనికి అది ఊతపదమై కూర్చుంది, చివరికి ఇంటిదాకా వెంటవచ్చింది.

అతనికి ఒక్కతే అక్క. సందు చివర మేడమీద గదిలో చిన్నపిల్లల గౌన్లు కుట్టేది. కిటికీ పక్కన మిషను, గోడనుంచి గోడకు కట్టిన తీగ మీద వేలాడే గౌన్లు, కాలు పెడితే అంటుకునే దారపు ముక్కలు, అదీ గది. కొలతల టేపు ఎప్పుడూ ఆవిడ మెడలోనే ఉండేది. అన్నం తినేటప్పుడు కూడా తీసేది కాదు. "ఏదో రోజు నిద్రలో నన్ను కూడా కొలిచి కత్తిరించేస్తుంది," అని బావ బెంగపడినట్టు నటించేవాడు.

బోర్డు లేని మేడకి ఇరుకు మెట్లెక్కి ఎవరొస్తారు? అందుకే తమ్ముడు అక్క కోసం ఒక పేజీ కట్టాడు. గౌను ఫొటో, కొలతలు, కింద 'కుట్టించుకుంటాను' అని ఒక బటన్. ఎవరైనా అది నొక్కగానే అక్క ఫోన్లో చిన్న గంట మోగేది. గంట మోగడం, ఆవిడ చెయ్యి మెడలోని టేపు మీదికి పోవడం ఒకేసారి జరిగేవి. "ఇదిగో, మా తమ్ముడు పిలుస్తున్నాడు," అని లేచేది. కొట్టు బాగానే సాగింది.

బాగా సాగేదాన్ని అలా వదిలేస్తే అతను మెరుగుల మాస్టారు ఎందుకవుతాడు? అక్క పుట్టినరోజుకి కానుకగా పేజీ అడుగున రంగురంగుల పట్టీ ఒకటి పెట్టాడు. కొత్త గౌన్ల బొమ్మలు దానిలో ఒకదాని వెనక ఒకటి కదిలిపోతూ ఉంటాయి. అతని తెర మీద చూసి అక్క మురిసిపోయింది. "సినిమాలా ఉందిరా!" అంది.

ఆ తర్వాత గంట మోగడం పలచబడింది. పిల్లలు పెరిగే కొద్దీ పాతవాళ్లు రావడం ఎలాగూ మానేస్తారు. కొత్తవాళ్లు రావాలి, వాళ్లు రావడం లేదు. అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్, స్కూల్ టీచరమ్మ ఒకావిడ బటనే కనబడలేదంటోందిరా. ఓసారి చూస్తావా?"

అతను ఆఫీసులోనే ఉన్నాడు. పేజీ తెరిచాడు. పట్టీ సొగసుగా కదులుతోంది, దానికి పైన బటన్ నిక్షేపంలా ఉంది.

"నా దగ్గర బానే ఉందక్కా. ఆవిడకి చూడ్డం రాలేదేమో."

కొన్నాళ్లకి మళ్లీ అడిగింది, గంట చెడిపోయిందేమో చూడమని. అతను తన దగ్గరనుంచే బటన్ నొక్కాడు. అక్కడ గంట మోగింది. ఆ రోజు అతనికి పని ఒత్తిడి ఎక్కువగా ఉంది. నోరు జారాడు.

"మోగింది కదా! వెబ్‌సైట్ జనాన్ని గుమ్మందాకా తీసుకొస్తుందక్కా. లోపలికి రావాలంటే సరుకు బాగుండాలి కదా."

అక్క "అంతేలే" అంది. మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు.

ఆ మాట మాత్రం ఆవిడ మనసులో ముల్లులా దిగిపోయింది. కుట్టిన అంచులు విప్పి మళ్లీ కుట్టేది. మెడ దగ్గర మడత సరిగ్గా రాలేదని తన చేతిని తానే తిట్టుకునేది. పూర్తయిన గౌన్లు కూడా తీగ మీదనుంచి దించి కుట్లు ఊడదీస్తుంటే బావ అడ్డుపడి లాక్కున్నాడట. చివరికి మిషను ఎవరికో ఇచ్చేసి, గది ఖాళీ చేసి, బట్టల ఫ్యాక్టరీలో చేరింది. అక్కడ రోజంతా చొక్కాలకి కాలర్లు అతకడమే పని. "నాకు అంతవరకే చేతనవును," అని అందరితోనూ నవ్వుతూ చెప్పేది. తమ్ముడు కూడా ఆ మాట విన్నాడు. విని ఊరుకున్నాడు.

ఒక ఆదివారం అతని ఫోన్ నీళ్లలో పడి పాడైంది. అక్క ఇంటికి వెళితే, బావ ఒకప్పుడు వాడి పక్కన పడేసిన చిన్న ఫోన్ ఆవిడ సొరుగులోనుంచి తీసి ఇచ్చింది. అక్క సోఫాలో కూర్చుని ఉతికిన బట్టలు మడత పెడుతోంది. ఫోన్ పనిచేస్తోందో లేదో చూద్దామని అతను వేళ్లకి అలవాటైన చిరునామా కొట్టాడు. అక్క కొట్టు పేజీ తెరుచుకుంది. దాన్ని తీసెయ్యాలని ఎవరికీ తోచలేదు.

గౌను ఉంది. కొలతలు ఉన్నాయి. పట్టీ కదులుతోంది. బటన్ లేదు.

పైకి కిందికి జరిపి చూశాడు. చిన్న తెర మీద చోటు చాలక పట్టీ పైకి జరిగి, సరిగ్గా బటన్ మీద కూర్చుంది. గౌన్లు కొనే తల్లుల చేతుల్లో ఇలాంటి ఫోన్లే ఉంటాయి. వాళ్లందరూ మెట్లెక్కి వచ్చి, తలుపు కనబడక వెనక్కి వెళ్లిపోయారు. ఆ తలుపుకి గోడ కట్టింది తనే.

"అక్కా," అన్నాడు. ఫోన్ చూపించి, ముక్కలు ముక్కలుగా ఉన్నదంతా చెప్పాడు. చెడామడా తిడితే బాగుండుననుకున్నాడు. ఆవిడ ఫోన్ వంక చాలాసేపు చూసింది.

"నేను చెప్పాను కదరా," అంది మెల్లగా. "అయితే... నా కుట్టు?"

"బానే ఉందక్కా," అన్నాడు. ఎన్నోసార్లు అలవోకగా అనేసిన ఆ మాట ఈసారి అంత తేలిగ్గా రాలేదు. "ఎప్పుడూ బానే ఉంది."

అక్క కళ్లు తుడుచుకుంది. సంతోషమో ఏడుపో అతనికి తెలియలేదు. ఇంకేం చెయ్యాలో తోచక, చేతనైన పని ఒక్కటే కనుక, సంచిలోనుంచి లాప్‌టాప్ తీశాడు. పట్టీ మొత్తం పీకేశాడు. చిన్న ఫోన్లో బటన్ కనబడింది. చిటికెలో అయిపోయే పని అది.

"పనిచేస్తోందా?" అంది అక్క. చెయ్యి చాపి తనే నొక్కింది.

బట్టల గుట్ట కింద ఎక్కడో ఆవిడ ఫోన్లో గంట మోగింది. అక్క సగం లేచింది. చెయ్యి మెడ దగ్గరికి వెళ్లి, అక్కడ టేపు కోసం తడుముకుంది.